అనౌన్సరు ఇంటి గొంతు

నన్ను రోజుకు కనీసం మూడొందల మంది ఒకటే ప్రశ్న అడుగుతారు. "బండి ఎన్నింటికండీ?" నా నెత్తిమీద 'విచారణ' అని మూరెడేసి అక్షరాలతో రాసి ఉంటుంది. ఎదురుగా గోడంత బోర్డు మీద బండ్లూ టైములూ వెలుగుతూ ఉంటాయి. పైనుంచి మైకులో చెబుతూనే ఉంటారు. అయినా సరే, బోర్డుకు వీపు పెట్టి నిలబడి మరీ నన్నే అడుగుతారు. ఇరవై రెండేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చున్నదాన్ని, మనుషుల మీద నాకు పెద్ద భ్రమలేమీ మిగల్లేదు. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, నేను చెప్పబోయే మనిషిని మా క్వార్టర్స్‌లో అందరూ ఆదర్శ తండ్రి అన్నారు. నేనొక్కదాన్నే అనలేదు.

ఆ మనిషి మా స్టేషన్ అనౌన్సరు. నా కౌంటరుకీ అతని గదికీ మధ్య ఒక ప్లైవుడ్ గోడ, ఆ గోడలో చేయి పట్టేంత కిటికీ. చిన్న గది. ఒక బల్ల, బల్ల మీద మైకు, మైకు పక్కన ఎర్రదీపం. దీపం వెలిగితే ఊపిరి తీసినా మూడు ప్లాట్‌ఫారాలకూ వినబడుతుంది.

దీపం వెలగనప్పుడు అతని గొంతు పక్కనున్న నాకే వినబడదు. నోట్లో నాలుక లేని మనిషంటారే, సరిగ్గా ఆ బాపతు. క్యాంటీన్‌కి వెళ్ళి మూడుసార్లు టీ అడిగితే నాలుగోసారి వాళ్ళు కాఫీ ఇస్తారు. ఆ కాఫీ తాగి, టీ బాగుందని చెప్పి వస్తాడు. కానీ దీపం వెలిగిందా, ఇక వేరే లెక్క. "దయచేసి వినండి" అన్నాడంటే ప్లాట్‌ఫారం మీద గొడవపడుతున్న మొగుడూ పెళ్ళాలు కూడా నోరు మూసుకుంటారు. బండి నాలుగు గంటలు ఆలస్యమని ఆ గొంతుతో చెబితే, మనకేదో మేలు చేస్తున్నట్టే ఉంటుంది. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్నప్పుడు, ఎందుకు బాబూ అంత బాధపడతావు, పర్లేదులే అని జనం అతన్నే ఓదార్చేలా ఉండేవారు.

క్వార్టర్స్‌లో మా రెండిళ్ళ తలుపులూ ఎదురెదురు. వాళ్ళావిడ రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. అతనికి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి ఎనిమిదేళ్ళు. దాన్ని అందరం లాయరు అంటాం, ఏ మాటన్నా "ఎందుకు?" అని అడగందే వదలదు కాబట్టి. చిన్నదానికి నాలుగేళ్ళు. దాని పేరు బుడ్డది. బళ్ళో వేరే పేరుందట, ఆ పేరుతో పిలిస్తే పలకదు.

ఏడేళ్ళపాటు పిల్లల్ని లేపడం, స్నానాలు, జడలు, డబ్బాలు అన్నీ ఆవిడే చేసుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు, నిజం చెప్పాలంటే. పోయిన సంవత్సరం ల్యాబులో ఆవిడకి పొద్దుటి షిఫ్టు పడింది. పరగడుపున రక్తం ఇచ్చేవాళ్ళ కోసం ఆరింటికే తలుపులు తీస్తారు. అనౌన్సరు డ్యూటీ మధ్యాహ్నం పన్నెండుకి. దాంతో పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా పిల్లలు అతని వంతుకొచ్చారు.

వారం తిరక్కుండానే క్వార్టర్స్ అంతా ఒకటే మాట. "చూశారా, ఆయనే జడలు వేస్తాడట." "పాపం, డబ్బాలు కూడా ఆయనే కడతాడట." ఆ 'పాపం' విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆయన జడ వేస్తే వార్త, ఆవిడ వేస్తే జడ. అతను వేసిన జడలు నేను రోజూ చూసేదాన్ని. ఒకటి చెవి పక్కన మొదలయ్యేది, ఇంకోటి ఎక్కడ మొదలయ్యేదో ఆ జుట్టుకే తెలియాలి.

మనిషి మంచివాడే, అది నేను కాదనను. కష్టపడ్డాడు. ఫోనులో పెంపకం వీడియోలు చూసి నోట్సు కూడా రాసుకున్నాడు. పిల్లల మీద అరవకూడదట. వాళ్ళ ఎత్తుకు దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళలోకి చూస్తూ మాట్లాడాలట. ఇది చెయ్యి అనకూడదు, ఇదా అదా అని రెండు దారులు చూపించాలట. వాళ్ళ మనసులో ఉన్నదానికి మనం పేరు పెట్టాలట. ఇవన్నీ మా రెండిళ్ళ మధ్య వరండాలోనే జరిగేవి. పళ్ళు తోముకుంటూ నేను ఉచితంగా చూసేదాన్ని.

"బుడ్డీ, నీలం గౌనా, పసుపు గౌనా?" మోకాళ్ళ మీద కూర్చుని అడిగేవాడు.

"గౌనొద్దు," అనేది బుడ్డది, వీడియోలో లేని మూడోదారి చూపిస్తూ.

"నీకు కోపంగా ఉంది కదా తల్లీ?"

"దానికేం లేదు నాన్నా, నీకే ఉంది," అనేది లాయరు గడప మీద నిలబడి.

తొమ్మిదింటికి బడి బస్సు హారన్ కొడుతుంటే ముగ్గురూ మెట్లు దిగేవారు. ఒకరికి బూట్లుండవు, ఒకరికి డబ్బా ఉండదు, ఇతనికి ఓపిక ఉండదు. తల ప్రాణం తోకకొచ్చి తిరిగొస్తూ, "అక్కా, వినడం లేదక్కా," అనేవాడు. నా మాట విన్నదెవరు ఇన్నేళ్ళలో, నీ మాట వినడానికి, అనేదాన్ని నేను.

అలా ఉండగా రెండో అనౌన్సరు సెలవు పెట్టాడు. ఇతను మూడు రోజులు వరసగా రెండు డ్యూటీలు చేశాడు. నాలుగోరోజు పొద్దున నిద్ర చాలని కళ్ళతో వరండాలో తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. బుడ్డది సబ్బుపెట్టె తీసుకుని ఇల్లంతా పరుగెడుతోంది. ఇతను అలవాటుగా నోరు తెరిచాడు. మరి ఏ నరం ఎక్కడ తగిలిందో.

"దయచేసి వినండి. స్నానం చేయవలసిన చిన్నమ్మాయిగారు వెంటనే బాత్రూముకు చేరుకోవలసిందిగా కోరుతున్నాము."

మైకు లేదు, దీపం లేదు. అయినా అదే గొంతు, నిండుగా, మెట్లదాకా పాకింది. నా నోట్లో బ్రష్షు ఆగిపోయింది. లోపల బుడ్డది కూడా ఉన్నచోటనే ఆగిపోయింది. తర్వాత సబ్బుపెట్టె జాగ్రత్తగా కింద పెట్టి, తలొంచుకుని బాత్రూములోకి నడిచింది. లాయరు, ఎవరూ చెప్పకుండానే, పుస్తకాల సంచీ సర్దుకుంది.

అతను చేతిలో తువ్వాలుతో నా వైపు చూశాడు. ఆ మొహంలో వెలుగు నేనిప్పటికీ మరిచిపోలేను. ఏనుగెక్కినంత సంబరం.

ఆ రోజు నుంచి ఆ ఇల్లు స్టేషనయింది. "మీ పాలు మరికొద్ది క్షణాల్లో బల్ల మీదకు వచ్చును." "గోళ్ళు తీయించుకోవలసినవారు కుర్చీ వద్ద సిద్ధంగా ఉండగలరు." ఒకసారి చెప్పినా కదలకపోతే, "ఇది రెండవ మరియు చివరి ప్రకటన." మోకాళ్ళ మీద కూర్చోవడం మానేశాడు. నోట్సు పుస్తకం లాయరు బొమ్మలు వేసుకోవడానికి పోయింది. తొమ్మిదికి పది నిమిషాల ముందే ముగ్గురూ బూట్లతో సహా కింద నిలబడి బస్సు కోసం ఎదురుచూసేవారు.

ఈ సంగతి క్వార్టర్స్‌లో పాకడానికి ఎంతసేపు. మొదట కింది అంతస్తు టికెట్ కలెక్టరు వచ్చాడు. వాళ్ళబ్బాయి పాలు తాగడట, ఒక్కటి రికార్డు చేసి ఇవ్వమన్నాడు. తర్వాత పై అంతస్తు గార్డు వచ్చాడు, ఫోను వదలని కూతురి కోసం. ఆ తర్వాత సిగ్నల్ మెకానిక్కు, సిగ్నల్ మెకానిక్కు బావమరిది. అనౌన్సరు ఎవరినీ కాదనలేదు. ఆదివారం పూట గది తలుపేసుకుని, "రెండవ అంతస్తు బాబుగారికి విజ్ఞప్తి," అంటూ అందరి పిల్లలకూ పేరుపేరునా రికార్డు చేసి పంపాడు. నెల తిరిగేసరికి పొద్దున్న ఏడింటికి నాలుగు అంతస్తుల్లోంచీ, గోడల్లోంచీ, కిటికీల్లోంచీ అతని గొంతే వినబడేది. ఎనిమిది ఇళ్ళలో ఎనిమిది మంది తండ్రులు ఫోను బల్ల మీద పెట్టి, ఒక బొత్తాం నొక్కి, పేపరు చదువుకునేవారు. పక్కింటి తండ్రిని అరువు తెచ్చుకుని పిల్లల్ని పెంచడం నేను అక్కడే చూశాను.

బుడ్డది చదివే బడివాళ్ళు తల్లిదండ్రుల సమావేశంలో అతన్ని మాట్లాడమన్నారు. నన్నూ లాక్కుపోయాడు. అంతా చిన్నపిల్లల కుర్చీలు. వాటిలో ఇరుక్కుని యాభై మంది పెద్దవాళ్ళు. "తండ్రి అంటే కోపం కాదు, సమాచారం," అన్నాడు స్టేషను గొంతుతో. చప్పట్లు కొట్టారు. ఒకాయన ఆ వాక్యం రాసుకున్నాడు. వాళ్ళావిడ వెనక వరసలో కూర్చుని ఉంది. పొద్దున్న నలభై మందికి సూదులు గుచ్చి వచ్చిన చెయ్యి చప్పట్లకు లేవలేదేమో, ఒళ్ళోనే పెట్టుకుంది.

నాకెక్కడ ఒళ్ళు మండేదంటే ఆ 'కోరుతున్నాము' దగ్గర. ఎవరయ్యా కోరేది? చిరాకు పడింది నువ్వు, తువ్వాలు పట్టుకుని నిలబడింది నువ్వు. ఎక్కడో పైన ఒక పెద్ద ఆఫీసుండి, అక్కడి నుంచి స్నానానికి ఆర్డరు వచ్చినట్టు చెబుతావేం? మా పిల్లల చిన్నప్పుడు మా ఆయన వాళ్ళ మీద కేకలేసేవాడు. అదేదో గొప్పని నేననను, కానీ అరిచింది తమ నాన్నేనని పిల్లలకు తెలిసేది. కాసేపటికి వెళ్ళి ఆయన మీదే అలిగేవారు. ఇతని మీద అలగడానికి ఎవరున్నారు అక్కడ?

వాళ్ళావిడకి కూడా ఒకసారి వడ్డించాడు. ఒకరోజు రాత్రి అతను డ్యూటీ దిగి వచ్చాక ఏదో మాటా మాటా పెరిగింది. ల్యాబులో మనిషి తక్కువై తనకి వరసగా పదిరోజులు సెలవు లేదని, ఇంట్లో కూరగాయలైనా తరిగి పెట్టొచ్చు కదా అని ఆవిడ అంటోంది. ఇతను నీళ్ళు నమిలి, నమిలి, చివరికి ఆ గొంతు తీశాడు. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మీ సహనానికి ధన్యవాదాలు." అంతే. రెండు రోజులు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఆవిడ చప్పుడు లేదు. మూడోరోజు మెట్ల మీద కనిపించి నాతో ఒక్కటే మాట అంది. "అక్కా, నేను ఆయనతో మాట్లాడితే స్టేషను జవాబిస్తోంది."

ఇక టీకా రోజు. బుడ్డదానికి సూది అంటే ప్రాణాలు పోతాయి, తల్లి పనే సూదులైనా సరే. ఆ పొద్దున్న "పార్కుకు వెళ్ళు ప్రయాణికులు సిద్ధంగా ఉండగలరు," అని ప్రకటించాడు. అది బూట్లు తనే వేసుకుని, ఎడమది కుడికి వేసుకుని మరీ గెంతుకుంటూ దిగింది. సగం దారిలో "ముఖ్య గమనిక, ప్లాట్‌ఫారం మార్చబడినది," అని క్లినిక్కు వైపు తిప్పాడట. వచ్చి ఆ జోకు నాకు చెప్పి నవ్వాడు. బుడ్డది అతని భుజం మీద మొహం దాచుకుని ఉంది. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత నేనొకటి గమనించాను. "దయ" అనే రెండక్షరాలు వినబడితే చాలు, బుడ్డది మాయమయ్యేది. మంచం కింద, తలుపు వెనక, విడిచిన బట్టల బుట్టలో. పై ఇంట్లో ఫోనులోంచి ఆ గొంతు వచ్చినా అంతే, మా ఇంట్లో ఆడుకుంటున్నది కాస్తా మా బియ్యం డబ్బా వెనక్కి దూరిపోయేది. లాయరు వెళ్ళి కాళ్ళు పట్టి బయటికి లాగాలి. ఇది అతనికి చెప్పాను. "తమ్ముడూ, పిల్ల భయపడుతోంది," అన్నాను.

"లేదక్కా, ఆడుకుంటోంది. దాగుడుమూతలంటే దానికి ఇష్టం."

"దాగుడుమూతల్లో దొరికినప్పుడు పిల్లలు నవ్వుతారు."

అతను కాసేపు ఆలోచించాడు. ఆలోచించి, "తొమ్మిదికి బస్సు అందుతోంది కదక్కా," అన్నాడు. నేను ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

బడులకు సెలవులిచ్చిన మొదటి ఆదివారం. స్టేషను ఎలా ఉందో చెప్పలేను, ఇసక వేస్తే రాలదు. వాళ్ళావిడ పిల్లల్ని తీసుకుని వారం రోజులు అన్నగారింటికి బయల్దేరింది. ఐదూ ఇరవై ప్యాసింజరు. నాలుగున్నరకే వచ్చి నా కౌంటరు పక్కన సామాను పెట్టింది. అనౌన్సరు గోడకవతల డ్యూటీలో ఉన్నాడు. "అక్కా, బుడ్డదాన్ని కాస్త చూస్తుండండి, నీళ్ళు పట్టుకొస్తాం," అని లాయరుని వెంటబెట్టుకుని వెళ్ళింది. బుడ్డది పెట్టె మీద కూర్చుని కాళ్ళూపుతోంది. పసుపు గౌను. ఒక మేజోడు ఎప్పుడో విప్పేసింది.

నేను చూస్తూనే ఉన్నాను. అద్దం మీద ఎవరో తట్టారు. "బండి ఎన్నింటికండీ?" తల తిప్పాను. ఏ బండి అని అడిగాను, ఐదూ ఇరవై అని చెప్పాను, బోర్డు చూపించాను. అదే సమయానికి పైన స్పీకర్లలో "దయచేసి వినండి" మొదలైంది. తల తిప్పి చూసేసరికి పెట్టె ఉంది, పిల్ల లేదు.

కౌంటరు వదిలి బయటికి పరుగెత్తాను. ఇరవై రెండేళ్ళలో డ్యూటీలో కుర్చీ వదలడం అదే మొదటిసారి. బుడ్డీ బుడ్డీ అని పిలుస్తూ ఒకటో నంబరు ఈ చివర నుంచి ఆ చివరకు చూశాను. అన్నీ మోకాళ్ళు, సంచులు, పెట్టెలు. నాలుగేళ్ళ పిల్ల ఆ మోకాళ్ళ మధ్య ఎక్కడని కనబడుతుంది. వాళ్ళావిడ సీసాలతో వస్తూ నా మొహం చూసి అక్కడే ఆగిపోయింది. ఆవిడే అడిగింది, "ఎంతసేపయింది?" అని. ల్యాబులో అడిగినట్టే, నెమ్మదిగా.

రైల్వే పోలీసులకు చెప్పాం. పోర్టర్లు తలో దిక్కూ వెళ్ళారు. మా అందరికీ తెలుసు, నోటితో అనలేదు కానీ: ఐదు గంటలకు రెండో నంబరు లైను మీద ఆగని ఎక్స్‌ప్రెస్ ఒకటి పోతుంది. ఆగదు, నెమ్మదించదు. ఇంకా పద్నాలుగు నిమిషాలుంది. డ్రైవరుకి కబురు పంపమని స్టేషన్ మాస్టరుని అడిగితే ఆయన అప్పటికే ఫోనులో అరుస్తున్నాడు.

ఆవిడ వెళ్ళి అనౌన్సరు గది తలుపు తోసింది. "బుడ్డది కనబడట్లేదు." అతను లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు. ఆ తర్వాత పద్నాలుగేళ్ళుగా చేస్తున్న పనే చేశాడు. తప్పిపోయిన పిల్లల ప్రకటనకి ఒక అట్టముక్క ఉంటుంది. వయసు, దుస్తుల రంగు, గుర్తులు అని ఖాళీలుంటాయి. ఖాళీలు నింపుకుని చదవాలి. అది చేతిలోకి తీసుకుని దీపం వెలిగించాడు.

"దయచేసి వినండి. నాలుగు సంవత్సరాల పాప, పసుపు రంగు గౌను, ఒక కాలికి మాత్రమే మేజోడు ధరించి ఉన్నది. గమనించినవారు విచారణ కౌంటరు వద్దకు తీసుకురావలసిందిగా కోరుతున్నాము."

నేను కౌంటరులోకి తిరిగొచ్చి కిటికీలోంచి చూస్తున్నాను. గొంతు వణకలేదు. జనమంతా ఆగి అటూ ఇటూ చూశారు. ఎవరికీ ఏమీ కనబడలేదు. మళ్ళీ చదివాడు. మూడోసారి ఇంకా స్పష్టంగా, ఒక్కొక్క మాటా విడదీసి చదివాడు. పనిలో అతనికి వంక పెట్టడానికి లేదు.

లాయరు నా చీర కొంగు లాగింది. "పెద్దమ్మా, నాన్న అలా పిలుస్తుంటే అది రాదు. ఇంకా లోపలికి పోతుంది."

"ఎక్కడికే లోపలికి?"

"ఎక్కడుంటే అక్కడ్నించి లోపలికి. రెండోసారి పిలిస్తే ఇంకా లోపలికి. మూడోసారికి ఊపిరి కూడా తియ్యదు. ఇంట్లో నేనే కదా లాగేది."

దాని గొంతు సన్నగానే ఉంది, కానీ కిటికీ తెరిచి ఉంది. అతను విన్నాడు. అట్టముక్క కింద పడేశాడు. తన బిడ్డని తనే మూడుసార్లు, మూడు ప్లాట్‌ఫారాలూ దద్దరిల్లేలా తరిమాడని అతనికి అర్థమైన క్షణం నేను చూశాను. ఎవరికీ అలాంటి క్షణం రాకూడదు. అన్నాళ్ళూ అతన్ని మనసులో ఎన్ని తిట్టుకున్నానో, అన్నీ వెనక్కి తీసుకున్నాను.

ఇంకా మూడు నిమిషాలుంది. మళ్ళీ దీపం వెలిగింది. "దయ..." అని ఆగిపోయాడు. ఆ మైకు ముందు అతని నోటికి వేరే గొంతు తెలియదు. స్టేషనంతా ఒక మనిషి ఊపిరి తీస్తున్న చప్పుడు వినబడుతోంది. వాళ్ళావిడ వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది.

"చదవకండి," అంది. "ఊరికే పిలవండి."

అప్పుడు వచ్చింది ఆ గొంతు. క్యాంటీన్‌లో టీ దొరకని గొంతు.

"బుడ్డీ... నేనే. నాన్నని. స్నానం లేదమ్మా. గోళ్ళు తియ్యను. సూది లేదు, నిజంగా లేదు. పాలు తాగొద్దు. ఎక్కడున్నావు? రావొద్దులే, పట్టాల వైపు మాత్రం పోకు. ఉన్నచోటే ఉండు. ఎక్కడున్నావో చెప్పు చాలు. నాన్నకి భయమేస్తోంది. నాన్నకి చాలా భయమేస్తోందిరా."

అంత జనంలో ఒక్కరూ మాట్లాడలేదు. గొడవపడేవాళ్ళు ఆగే నిశ్శబ్దం కాదు అది, వేరేది. అతను మైకులోనే ముక్కు ఎగబీల్చాడు. ఇంతలో ఎక్స్‌ప్రెస్ కూత వినబడింది. వాళ్ళావిడ రెండో నంబరు వైపు పరుగెత్తింది. కబురు అందలేదు కాబోలు, బండి వచ్చింది, నేల అదిరింది, అతని మాటలు ఆ మోతలో కొట్టుకుపోయాయి. పద్దెనిమిది పెట్టెలు. ఆ రోజు అవి ఎన్నెన్నో అనిపించాయి. కళ్ళు మూసుకుని లెక్కపెట్టాను.

మోత తగ్గాక మైకులో అతను ఇంకా అడుగుతూనే ఉన్నాడు. "ఉన్నావా? బుడ్డీ, ఉన్నావా?"

నా కౌంటరుకు పది అడుగుల దూరంలో, గోడ పక్కన, అట్టపెట్టెలు ఎక్కించి టార్పాలిన్ కప్పిన పార్సిల్ తోపుడుబండి ఒకటి ఉంది. ఆ టార్పాలిన్ అంచు కదిలింది. కింద నుంచి మేజోడు లేని చిన్న పాదం ఒకటి బయటికి వచ్చింది. అరవబోయి నా నోరు నేనే మూసుకున్నాను. కిటికీ దగ్గరికి వెళ్ళి, "తమ్ముడూ, పార్సిల్ బండి," అన్నాను మెల్లిగా.

దీపం ఆర్పకుండానే పరుగెత్తుకొచ్చాడు. వచ్చి టార్పాలిన్ ఎదురుగా చతికిలబడ్డాడు, లాగలేదు, ఎత్తలేదు. అదే పైకెత్తి చూసింది. మొహం నిండా నూనె మరకలు. దాన్ని పట్టుకోవాలని చేతులు చాపాడు. అది ఆ చేతుల్లోంచి ఒక వేలు మాత్రం పట్టుకుని, అతన్నే లోపలికి లాగింది.

"రా నాన్నా, తొందరగా. ఇక్కడుంటే కనబడం."

అతను వెళ్ళాడు. తల, భుజాలు బండి కింద పట్టాయి, కాళ్ళు ప్లాట్‌ఫారం మీద ఉండిపోయాయి. వాళ్ళావిడ ఒగర్చుకుంటూ వచ్చి, ఆ కాళ్ళ పక్కన నేల మీద కూలబడి, టార్పాలిన్ కిందకి చెయ్యి పెట్టి బిడ్డ పాదం పట్టుకుంది. అక్కడ స్టేషన్ మాస్టరు "మైకు దగ్గర ఎవరున్నారయ్యా?" అని కేకలు పెడుతున్నాడు. ఎవరూ లేరు. ఐదూ ఇరవై ప్యాసింజరు వస్తోందని చెప్పే నాథుడు లేక జనం ఒకరినొకరు అడుక్కుంటున్నారు. నేనూ బయటికొచ్చి ఆ బండి పక్కనే వంగి నిలబడ్డాను, అందుకే విన్నాను.

"ఎవరికి కనబడమమ్మా?" అన్నాడతను.

"ఆ 'దయచేసి' ఆయనకి. నువ్వూ ఆయనకి భయపడి ఏడుస్తున్నావు కదా? నేను విన్నాను. ఇక్కడికి రాడులే, పడుకో."

టార్పాలిన్ కింద అతను ఇంకాస్త లోపలికి జరిగాడు.

"ఆయన మనింటికి ఎప్పుడొస్తాడు బుడ్డీ?"

"నువ్వు లేనప్పుడల్లా," అంది.